మూఢనమ్మకాలు లేని పేట చేపల వేట

మా ఖేబాంగ్ పేటలో మూఢనమ్మకాలు లేవని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమైనది. ఇది మా గొప్ప మేం చెప్పుకోవడం కాదు. వార్డు ఆఫీసు వారు పలుమార్లు తనిఖీకి వచ్చి, వచ్చినప్పుడల్లా మా ఇళ్లలో తృప్తిగా భోంచేసి, అన్ని విధాలా విచారించిన మీదటే ఎర్రరంగు మీద బంగారు అక్షరాలున్న ఫలకం ఇచ్చారు. తనిఖీ రోజుల్లో మేము గుమ్మాల మీది దిష్టి అద్దాలన్నీ దించి బట్టల బీరువాల్లో పెట్టాం. దించడానికి కూడా మంచి వేళ చూసుకున్నాం. వచ్చిన ఫలకాన్ని సమావేశ మందిరంలో ఏ గోడకు తగిలిస్తే పేటకు కలిసొస్తుందో కనుక్కుని, ఉడికించిన కోడినీ అగరువత్తులనూ ముందు పెట్టుకుని, ఆ గోడకే తగిలించాం. ఇంత క్రమశిక్షణ గల పేట ఈ తీరంలో మరొకటి లేదు.

ఫలకం వచ్చిన సంతోషాన్ని ఎలా జరుపుకోవాలన్నది తర్వాతి సమస్య. మా కొత్త సంవత్సరం టెట్ పండుగ వెళ్లి నెల తిరిగింది. మా వైపు వసంతమంటే పొద్దస్తమానం కురిసే తుంపర, చెమటలు పట్టే గోడలు, ఎన్నటికీ ఆరని బట్టలు, పండుగకు ఆకుల్లో కట్టి ఉడికించిన బంకబియ్యం తిని తిని కదలలేని పొట్టలు. అఖాతంలో మాత్రం ఇప్పుడే సందడి మొదలవుతుంది. చలికి లోతుకు పోయిన పండుగప్ప చేపలు ఒడ్డు వైపు, రాళ్ల మధ్యకు తిరిగొచ్చే రోజులివి. ఒడ్డు కనబడుతుండగానే గాలం వేసి, మధ్యాహ్నానికి కూర వండుకు తినవచ్చు. అందుచేత పేట అధ్యక్షులు ఖియెమ్ గారు సభ పిలిచారు.

ఖియెమ్ గారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన మాట్లాడితే ఎదుటివారికి మార్కులు వేస్తున్నట్టు ఉంటుంది.

"సోదర సోదరీమణులారా! మానవుడు ప్రకృతిని జయించాడు. జయించిన ప్రకృతిని ఒకసారి వెళ్లి చూసి రావలసిన సమయం ఆసన్నమైంది. అఖాతంలోకి పోదాం! విజ్ఞానమనే ఎర వేద్దాం! మూఢత్వమనే చేపను పట్టి, శుభ్రంగా కడిగి, అల్లం వేసి ఆవిరి మీద ఉడికిద్దాం!"

చప్పట్లు మోగాయి. అల్లం అన్న దగ్గర మరీ గట్టిగా మోగాయి. వెంటనే వసంత మత్స్య విహార ప్రణాళికా ఉపసంఘం ఏర్పడింది. ఖియెమ్ గారు అధ్యక్షులు. మహిళా సంఘం నాయకురాలు థోవా వదిన సభ్యురాలు. ఈ కథ చెబుతున్న నేను కార్యదర్శిని, అంటే టీ పోసి, జరిగింది రాసేవాణ్ణి. నాలుగోవారు లొక్ మాస్టారు. ఈయన ఇంటి ముందు నిన్నమొన్నటి దాకా "జాతకాలు, ముహూర్తాలు, సమాధుల దిక్కులు" అని బోర్డు ఉండేది. ఫలకం వచ్చిన మర్నాడు దానికి రంగు వేయించి "వాతావరణ సలహాలు" అని రాయించారు. రుసుములో మార్పు లేదు.

మొదటి సమావేశంలో తేదీ తీశారు. ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. మా ఉపసంఘంలో ముహూర్తం అనే మాట నిషిద్ధం. ఆ మాట నోరుజారి అన్నవారు అందరికీ టీ పోయించాలని తీర్మానం. కాబట్టి నెలలో అయిదో రోజు, పద్నాలుగో రోజు, ఇరవైమూడో రోజు అల్పపీడనం ఉంటుందని లొక్ మాస్టారు సెలవిచ్చారు. ఏడో తేదీన బయల్దేరితే ఎదురుగాలి, మూడో తేదీన తిరిగొస్తే సుడిగాలి. మా పంచాంగంలో ఏళ్లకూ రోజులకూ వేళలకూ పన్నెండు జంతువుల పేర్లుంటాయి. ఖియెమ్ గారు పులి సంవత్సరంలో పుట్టారు గనుక కోతి రోజుల్లో ఉరుములు, థోవా వదిన పాము సంవత్సరంలో పుట్టారు గనుక పంది రోజుల్లో పొగమంచు. ఇలా మీనమేషాలు లెక్కించగా లెక్కించగా, ఆ వసంతం మొత్తానికి ఒకే ఒక్క రోజు వాతావరణం అనుకూలంగా ఉందని తేలింది. అందులోనూ డ్రాగన్ వేళ, అంటే పొద్దున ఏడు దాటాక. ఆ వేళలోనే కాలు నేల విడవాలి. ప్రయాణం ఆగ్నేయ దిక్కుగా సాగాలి.

తర్వాత భోజనాల సంగతి. నెల మొదట్లో బాతు మాంసం తింటే ఆ నెలంతా పనులు చెడతాయని మా తాతల నమ్మకం. మేము అలాంటివి నమ్మం. బాతు మాంసం అరగదని మాత్రమే తీసేశాం. నల్ల సిరా చిమ్మే స్క్విడ్ తీసేశాం, దాని నలుపు బట్టలకు అంటితే వదలదని. వండిన చేపను పళ్లెంలో తిరగవేయకూడదు, వేస్తే పడవ తిరగబడుతుందని పాతకాలం వాళ్లు అంటారు. మేము దాన్ని "చేప ముక్కలు చెదరకుండా పాటించవలసిన క్రమశిక్షణ" శీర్షిక కింద చేర్చాం. ఇక ప్రయాణం రోజున ఎవరూ ఎవరినీ "ఎక్కడికి?" అని అడగకూడదని పేటంతా చాటింపు వేయించాం. ప్రయాణ వివరాల గోప్యత దృష్ట్యా అని కారణం చెప్పాం. గాలాలు, ఎరల సంగతి సమయాభావం వల్ల చర్చకు రాలేదు.

అందరికన్నా ముందు పడవలో కాలు పెట్టే మనిషి ఎవరన్న విషయం మీద మాత్రం రెండు సమావేశాలు పట్టాయి. ఆ కాలు మంచిదైతే పడవ నిండుతుంది. ఇది నమ్మకం కాదు, భద్రతా నిబంధన. తల్లీతండ్రీ బతికి ఉండి, కొడుకూ కూతురూ ఉండి, నిరుడు ఆస్పత్రి మొహం చూడనివాడు కావాలి. వెతగ్గా వెతగ్గా మంగలి తియెప్ ఒక్కడే దొరికాడు. బకెట్‌లో నీళ్లు ఊగినా అతనికి వాంతి వస్తుంది.

"నేను రానన్నా, బతిమాలుకుంటా," అన్నాడు తియెప్. "పడవ ఎక్కితే నా పేగులు నోట్లోకి వస్తాయి."

"నీ పేగులతో మాకేం పనిరా? మాకు నీ కాలు కావాలి. అది పెట్టాక నువ్వేం కక్కుకున్నా మాకు అభ్యంతరం లేదు," అంది థోవా వదిన. తియెప్ సేవాభావాన్ని సంఘం ఏకగ్రీవంగా అభినందించింది.

పడవ మియెన్ అక్కది. మర పడవ, ముక్కు మీద రెండు పెద్ద కళ్లు గీసి ఉంటాయి. మియెన్ అక్క నోరు అఖాతం అవతల దాకా వినబడుతుంది. వేళ చెప్పగానే ఆవిడ గయ్యిమంది.

"డ్రాగన్ వేళా? మీకేమైనా మతిపోయిందా? ఆ రోజు తెల్లవారుజాము నుంచే నీళ్లు వెనక్కు తీసేస్తాయి. పొద్దెక్కాక ఆగ్నేయం వైపు అంతా బురదే! మధ్యాహ్నం పోదాం, పోటు మీద."

"పోవచ్చు," అన్నారు లొక్ మాస్టారు నింపాదిగా. "మధ్యాహ్నం గుర్రం వేళ. నీది ఎలుక సంవత్సరం కదూ? ఎలుకకీ గుర్రానికీ పడదు. వాతావరణపరంగా."

మియెన్ అక్క వెంటనే పడవ ముక్కు మీది కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది, అవి వినకుండా ఉండాలన్నట్టు. "అయితే పొద్దున్నే పోదాం," అంది. "నీళ్లదేముంది, వస్తుంటాయి, పోతుంటాయి."

ఇలా ఏర్పాట్లన్నీ నల్లేరు మీద బండిలా సాగుతున్న సమయంలో ద్వాన్ వచ్చి తన పేరు రాసుకోమన్నాడు.

ద్వాన్ గురించి మీకు చెప్పాలి. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్లాం హ్వే నూడిల్స్ దుకాణం నడుపుతుంది. కూతురు లువా నర్సు. ద్వాన్ మంచివాడు, ఎవరికి ఫ్యూజు పోయినా పిలవకుండానే వచ్చి వేసి వెళతాడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం. ఆయన ఎదురు మంచిది కాదు. కొన్నేళ్ల కిందట టెట్ పండుగనాడు తెల్లారీ తెల్లారకుండానే ఖియెమ్ గారి గుమ్మంలో మొదటి అతిథిగా అడుగుపెట్టి శుభాకాంక్షలు చెప్పాడు. ఆ వేసవిలో ఖియెమ్ గారి అక్వేరియంలో చేప చచ్చిపోయింది. అంతే. అప్పటినుంచి పేటలో ఎవరికి జలుబు చేసినా, ఎవరి ఫుట్‌బాల్ జట్టు ఓడినా, ఆ పొద్దున ద్వాన్ ఎటు వెళ్లాడో ఆరా తీయడం రివాజయింది. బజారులో ఆయన దాటి వెళ్లగానే కూరలమ్మే ఆడవాళ్లు కాగితం వెలిగించి సరుకు చుట్టూ తిప్పుతారు. ద్వాన్ కూడా మర్యాదస్తుడు గనుక సాయంత్రమే బజారుకు వెళతాడు. పొద్దున్నే పెళ్లాం దుకాణానికి మొదటి బేరం తన మొహం కాకూడదని వెనక గుమ్మం నుంచి, చూరు కిందుగా వంగి బయటికి పోతాడు. అలా పోయి పోయి ఆయనకు కొంచెం గూని కూడా వచ్చింది.

ఆయన్ను పడవ ఎక్కించుకోవడం ఎలాగూ కుదరదు. కానీ ఆ ముక్క అనడానికీ కుదరదు. గోడ మీద ఫలకం ఉంది. అందుచేత ఉపసంఘం నిబంధనలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆరోగ్య పత్రం తెమ్మన్నారు. కూతురు నర్సు కాబట్టి మర్నాడే తెచ్చాడు. ఈత వచ్చా అన్నారు. రేవు నుంచి లంగరు వేసిన ఓడ దాకా ఈది, అక్కడ టీ తాగి, తిరిగి ఈదుకుంటూ వచ్చాడు. అందర్నీ తూచి బరువు ఎక్కువున్న వారిని తగ్గించాలన్నారు. తూస్తే అందరిలోకీ బరువైనవారు ఖియెమ్ గారని తేలింది. ఆ కాటా అప్పుడే చెడిపోయిందని తీర్మానించి, అది చెడిన సమయానికి ద్వాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడన్న సంగతి అందరూ మనసులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ద్వాన్ నన్ను దుకాణం వెనక పీట మీద కూర్చోబెట్టి, నూడిల్స్ గిన్నె చేతికిచ్చాడు.

"తమ్ముడూ, నాకు చేపల మీద యావ లేదు," అన్నాడు. "లువా పెళ్లి కుదిరింది, విన్నావుగా. శరత్కాలంలో. నిన్న వియ్యంకుడు వచ్చి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివర్న నసిగాడు. పిల్లను గుమ్మం దాటించి అప్పగించేటప్పుడు నేను కాకుండా మా బావమరిది నిలబడితే బావుంటుందట. 'మీకు మోకాళ్ల నొప్పులు కదా బావగారూ' అన్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు ఎప్పుడున్నాయి?"

"లువా ఏమంది?"

"అదా? ఆ సంబంధమే వద్దు పొమ్మంది. ఆ కుర్రాడంటే దానికి ప్రాణం. నా మూలంగా చెడగొట్టుకుంటానంటుంది." ద్వాన్ నా గిన్నెలో మరో గరిటె చారు పోశాడు. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నేనున్న పడవ నిండుగా తిరిగి రావాలి, అందరి కళ్లముందూ. అప్పుడు ఎవరూ ఏమీ అనలేరు. నా కూతుర్ని నా చేత్తో పంపుకుంటా. ఎలాగైనా నన్ను ఎక్కించు తమ్ముడూ."

ఆ చారు హ్వే వదిన చేతి చారు, మామూలుగా నేను రెండు గిన్నెలు తాగుతాను. ఆ రోజు ఒక్కటే తాగాను.

మర్నాడు సమావేశానికి ద్వాన్ స్వయంగా వచ్చాడు. ఉపసంఘం చాలాసేపు నీళ్లు నమిలింది. చివరికి ద్వాన్ చేతులు కట్టుకుని, వినయంగా అన్నాడు: "వద్దంటే మానేస్తా ఖియెమన్నా. ఎందుకు వద్దో ఒక్క కాగితం మీద రాసివ్వండి, చాలు. వార్డు ఆఫీసులో చూపించి ఇంటికి పోతా."

అందరూ గోడ మీది ఫలకం వైపు చూశారు. అది పక్కకు ఒరిగినట్టు థోవా వదినకు అనిపించి లేచి సరిచేసింది. ఖియెమ్ గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. విజ్ఞానం సంకటంలో పడ్డ ఆ ఘడియలో లొక్ మాస్టారే దారి చూపించారు.

మియెన్ అక్క పడవ వెనక బుట్టలా గుండ్రంగా ఉండే ఒక చిన్న వెదురు పుట్టి కట్టి ఉంటుంది. ద్వాన్ అందులో రావచ్చు. పుట్టికీ పడవకూ మధ్య తాడు ఎంత పొడుగుండాలో మాస్టారు వాతావరణాన్ని బట్టి లెక్కగట్టి ఇస్తారు. ద్వాన్ పడవకు వీపు పెట్టి, వెనక్కు తిరిగి కూర్చోవాలి. పైన గొడుగు వేసుకోవాలి. చెప్పేదాకా ఇటు తిరగకూడదు. వెనక నుంచి వచ్చే ఓడలను కనిపెట్టుకుని ఉండే బాధ్యతాయుతమైన పదవి ఇది. ఆయన హోదాను నేను "విశిష్ట ఆహ్వానితులు (వెనుక)" అని రాశాను.

"మహా గొప్ప గౌరవం," అన్నాడు ద్వాన్. నవ్వుతున్నాడో లేదో చెప్పలేను. ఆయన నిజంగానే సంతోషించాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఏదైతేనేం, తాడుకు ఆ చివరైనా సరే, ఆ పడవ ఆయనున్న పడవే.

అనుకూల వాతావరణం గల ఆ రోజు తెల్లవారింది. తుంపర, పొగమంచు, పక్కనున్న మనిషి కనబడనంత. అనుకూలత ఇంకా వెనకాల వస్తోందన్నారు మాస్టారు. రేవుకు వెళ్లే దారిలో ఎవరూ "ఎక్కడికి?" అని అడగలేదు. పేటంతా తలుపులు మూసుకుని, కిటికీల్లోంచి మమ్మల్ని చూస్తూ ఏమీ అడగకుండా సహకరించింది. ద్వాన్‌ను మాకంటే ముందే, గొడుగు కింద, వెనక సందుగుండా తెచ్చి పుట్టిలో కూర్చోబెట్టి ఉంచాం. సరిగ్గా డ్రాగన్ వేళకు తియెప్‌ను ఇద్దరు మోసుకెళ్లి అతని కుడికాలు పడవలో పెట్టించారు. మరుక్షణం అతను తన హెచ్చరిక నిలబెట్టుకున్నాడు. కాలు ముందు పడిందా, వాంతి ముందు పడిందా అని కాసేపు తర్జనభర్జన జరిగి, కాలే అని ఓటింగులో తేలాక మిగతావాళ్లం ఎక్కాం.

పడవ ఆగ్నేయంగా కదిలింది. ఒక లోతైన పాయ దాటాం. ఇంకా ఆగ్నేయంగా వెళ్లాం. ఖియెమ్ గారు ముక్కు మీద నిలబడి ప్రకృతిని చూస్తున్నారు. ఇంతలో ప్రకృతి కింది నుంచి వచ్చి పడవ అడుగును మెత్తగా పట్టుకుంది. మర గురగురలాడింది, బురద చిమ్మింది, ఆగిపోయింది. అలా బురదలో కూర్చున్నాం. చూస్తుండగానే చుట్టూ నీళ్లు జారుకుని, ఎండ్రకాయలు బయటికొచ్చి మమ్మల్ని తేరిపార చూశాయి.

"చెప్పానా లేదా? నీళ్లుండవు మొర్రో అని మొత్తుకున్నానా లేదా?" అని మియెన్ అక్క అందుకుంది.

"మరి ఎందుకు తెచ్చావు?" అన్నారు ఖియెమ్ గారు.

"నాది ఎలుక సంవత్సరం కాబట్టి!" అని అరిచింది మియెన్ అక్క.

ఖియెమ్ గారు మాత్రం స్థైర్యం కోల్పోలేదు. "సోదర సోదరీమణులారా! సముద్రం వెనక్కు తగ్గింది. మనం తగ్గలేదు. ఈ తేడా గమనించండి. గాలాలు వేయండి!" అన్నారు. క్రమశిక్షణ గల పౌరులం గనుక బురద మీదికే గాలాలు విసిరాం. పడవలో ఎవరూ ఎరలు తేలేదని అప్పుడు తెలిసింది. భోజనానికి తెచ్చుకున్న ఉడికించిన కోడి ముక్కలు గుచ్చాం. లొక్ మాస్టారు బురదలో కాలు పెట్టి లోతు చూడబోతే, ఒక ఎండ్రకాయ ఆయన చెప్పును పట్టుకుని కన్నంలోకి లాక్కుపోయింది. థోవా వదిన గాలానికి తియెప్ చొక్కా పడింది. ఆనాడు పడవ నుంచి మేం సాధించింది ఇంతే.

తాడు పొడుగ్గా ఉండటాన పుట్టి మాత్రం మేం దాటొచ్చిన పాయలోనే, మంచి లోతు మీద తేలుతూ ఉండిపోయింది. బురద మిట్ట మీది నీళ్లన్నీ జారిపోయి ఆ పాయలోకే దిగుతున్నాయి. నీళ్లతో పాటు అఖాతంలో ఉన్న పండుగప్పలన్నీ అందులోకే దిగుతున్నాయి. ద్వాన్ మాకు వీపు పెట్టి, గొడుగు కింద, మాట తప్పకుండా కూర్చుని ఉన్నాడు. మేం దిగబడ్డ సంగతి ఆయనకు తెలియదు.

"ఆగామా తమ్ముడూ?" అని అటు తిరిగే కేకవేశాడు.

"ఆగాం అన్నా!" అన్నాను.

"గాలం వేయమంటారా? ఎర తెచ్చుకున్నా."

అధ్యక్షులు అనుమతించే స్థితిలో లేరు. ఆయన ప్యాంటులోకి ఏదో పాకింది. నేనే "వెయ్యన్నా!" అన్నాను.

ఒక్క నిమిషం గడిచిందో లేదో. "పడింది తమ్ముడూ!" అని కేక. పొగమంచులో గొడుగు అల్లల్లాడింది. కాసేపటికి మళ్లీ "పడింది!" ఆ తర్వాత ఇక లెక్క లేదు. "ఇంకోటి! ఓరి దేవుడా, ఇది నా చేయంత ఉంది! తమ్ముడూ, రాసుకో! లువాకు చెప్పాలి! పడింది!" చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. పుట్టి మునిగేంతగా నిండి, చేపలు కాళ్ల మీద కొట్టుకుంటుంటే ఆయన నవ్వే నవ్వు బురద మీదుగా మాదాకా వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి. తియెప్ కూడా తల ఎత్తి, పచ్చగా పాలిపోయిన మొహంతో నవ్వాడు. ఆ క్షణాన ఆ పడవలో ఉన్న అందరికీ ద్వాన్ అంటే ప్రేమ కలిగిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మధ్యాహ్నం మొదలైన పోటు సాయంత్రానికి పెరిగి పడవను లేపింది. రేవులో జనం కిటకిటలాడుతున్నారు, ద్వాన్ వియ్యంకుడితో సహా. చేపలన్నీ మా పడవలోకి చేర్చి, ఖియెమ్ గారి కాళ్ల దగ్గర పేర్చి ఫొటో తీశారు. పుట్టిలోంచి దిగుతూ ద్వాన్ "తిరగొచ్చా?" అని అడిగాడు. హడావుడిలో ఎవరూ చెప్పలేదు. చివరికి లువా జనాన్ని తోసుకుంటూ వచ్చి, తండ్రి భుజాలు పట్టుకుని ఇటు తిప్పింది. ఆ మొహం చూసిన వాళ్లెవరికైనా ఇక చెప్పాల్సింది ఏమీ లేదనిపించేది.

కానీ మా పేటలో ఏదీ శాస్త్రీయంగా తేలకుండా ఒప్పుకోం. ఆ రాత్రే సమీక్షా సమావేశం జరిగింది. ద్వాన్ కొత్త చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చున్నాడు. "ఒప్పుకోక తప్పదు, ఆయన చెయ్యి మంచిదే," అంది థోవా వదిన. మియెన్ అక్క తలూపింది. ఖియెమ్ గారు కూడా గొంతు సవరించుకుని, ద్వాన్‌ను లోపలికి పిలవమనబోయారు. అప్పుడు లొక్ మాస్టారు ఒక్క చెప్పుతో లేచి నిలబడ్డారు.

"ఒక్క ప్రశ్న. ఇవాళ వేటలో ద్వాన్ మొహం చూసిందెవరు? మనమా? మనకు వీపే కనబడింది. చూసినవి చేపలు. చూసిన ప్రతి చేపా చచ్చింది. ఆయన మొహం చూసి బతికి బట్టకట్టిన చేప ఒక్కటుంటే తెచ్చి చూపించండి, నా బోర్డు తీసేస్తా."

ఎవరికీ ఒక్క చేప కూడా గుర్తు రాలేదు. నిజమే, అన్నీ చచ్చాయి. పైగా అవి అప్పటికే వంటింట్లో అల్లంతో ఉడుకుతున్నాయి.

"మనకేమీ కాలేదు, ఎందుకు? తాడు పొడుగు సరిపోయింది కాబట్టి," అన్నారు మాస్టారు.

"అద్భుతం!" అన్నారు ఖియెమ్ గారు. భౌతికశాస్త్రం ఆయన కళ్లలో తళుక్కుమంది. "ఇన్నాళ్లూ ఇది వట్టి నమ్మకం. కాబట్టే మనం పైకి అనలేకపోయాం. ఇవాళ ప్రయోగం ద్వారా రుజువైంది. ఇక ధైర్యంగా అనవచ్చు!"

చప్పట్లు వరండా దాకా వినబడ్డాయి. అవి తనకోసమే అనుకుని ద్వాన్ లేచి నిలబడి చొక్కా సవరించుకున్నాడు. ఆయనకు సంగతి చెప్పే పని కార్యదర్శిగా నామీద పడింది. చెప్పాను. ఆయన "చేపల వైపు నుంచి చూస్తే అది నిజమే తమ్ముడూ," అన్నాడు.

ఆనాటి నుంచి ద్వాన్‌కు క్షణం తీరిక లేదు. తీరంలో ఉన్న ప్రతి పడవకూ ఆయన కావాలి. వెనక్కు తిప్పి, గొడుగు వేసి, తాడు కట్టి లాక్కుపోతారు. పడవలు నిండుగా తిరిగొస్తున్నాయి. బజారులో ఆయన పట్టిన చేపలకు గిరాకీ విపరీతం. ఆయన మాత్రం కూరలు కొనడానికి ఇప్పటికీ సాయంత్రమే వెళ్లాలి. శాస్త్రీయ పద్ధతిలో మత్స్య సంపద పెంచినందుకు మా పేటకు రెండో ఫలకం వచ్చింది. దాన్ని మొదటి ఫలకానికి ఎడమ పక్కన తగిలించాం. కుడిపక్క వాతావరణం బాగాలేదు.

లువా పెళ్లి శరత్కాలంలో ఘనంగా జరిగింది. వియ్యంకుడు ముందే వచ్చి, ద్వాన్ చేతులు పట్టుకుని, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "వేటకైతే మీ తర్వాతే ఎవరైనా, బావగారూ. కానీ మా అబ్బాయి చేప కాదు కదా," అన్నాడు. లువా ఆ సంబంధం వద్దని రెండు రోజులు అన్నం మానేస్తే, బతిమాలి ఒప్పించింది ద్వానే. గుమ్మం దగ్గర మేనమామ నిలబడ్డాడు. ద్వాన్ వంటింటి వెనక, గోడ వైపు తిరిగి, తాను పట్టిన పండుగప్పలు వేయించాడు. పెళ్లికి వచ్చినవాళ్లంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. నేనూ తిన్నాను. పళ్లెంలో ఒక్కరు కూడా చేపను తిరగవేయలేదు.

కారు ఎక్కబోయే ముందు లువా ఎర్ర పట్టుబట్టలతో వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"నాన్నా, ఇటు తిరుగు. నేను వెళ్తున్నా. ఒక్కసారి ఇటు తిరుగు."

ద్వాన్ తిరగలేదు. పెనంలో చేప మాడిపోతున్నా అట్లకాడ కదల్చలేదు. "వెళ్లు తల్లీ, వేళ మించిపోతుంది," అని గోడతోనే అన్నాడు.

పాఠకులారా, ఇది చదివి మీరు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. మీరు చదువుకున్నవారు, ఇలాంటివి నమ్మరు. మీ గురించి ద్వాన్‌కు చెప్పాను. ఆయన ఎంతో సంతోషించాడు. అలాంటి ఇల్లు లోకంలో ఒక్కటున్నా సరే, పొద్దున్నే, తల ఎత్తుకుని, ముందు గుమ్మంలోంచి నడిచి వెళ్లాలని ఉందట. ఖర్చులు ఆయనవే. మీ అబ్బాయి పరీక్షకో, మీ అమ్మాయి పెళ్లిచూపులకో, మీరు ఆపరేషనుకో బయల్దేరే రోజు ఏదో చెబితే, సరిగ్గా మీరు గడప దాటే సమయానికి ఎదురొచ్చి నమస్కారం పెడతాడు. చిరునామా రాసి పంపండి. తొందరేం లేదు, మంచి రోజు చూసుకునే రాయండి.